పావురాలకి గింజలు వేయడం ఎందుకు మానేశాను

సెకండియర్‌లో మాకు డిస్క్రీట్ మ్యాథ్స్ ఉంది. అందులో పీజియన్‌హోల్ ప్రిన్సిపుల్ అని ఒకటి వస్తుంది, తెలుగులో చెప్పాలంటే పావురాల గూళ్ళ సూత్రం. పది గూళ్ళు, పదకొండు పావురాలు ఉంటే, కనీసం ఒక గూట్లో రెండు పావురాలు ఉండి తీరాలి. అంతే. క్లాసులో అందరూ "ఇది కూడా ఒక థీరమేనా" అని నవ్వారు. నేను నవ్వలేదు. అప్పటికే మా ఇంట్లో ఆ థీరం ప్రాక్టికల్స్ నడుస్తున్నాయి.

మాది విజయనగరంలో ఒక అపార్ట్‌మెంటు, మూడో అంతస్తు. బాల్కనీ గోడ, ఏసీ అవుట్‌డోర్ యూనిట్, వంటింటి కిటికీ మీద సన్‌షేడ్. పావురం కూర్చోవడానికి మూడు చోట్లు. పోయిన ఏడాది మే నెల సెలవుల్లో రెండు పావురాలు వచ్చాయి. మా మామ్మ గుప్పెడు నూకలు తెచ్చి నా చేతిలో పోసింది. "ఇంటికొచ్చిన పిట్టని ఒట్టి కడుపుతో పంపకూడదురా గుంటడా, ఎయ్" అంది. వేశాను. రోజూ వేశాను. నూకలు అయిపోతే గంటెలు, అవీ లేకపోతే చోళ్ళు. సంక్రాంతికి లెక్కపెడితే పద్దెనిమిది ఉన్నాయి. మూడు చోట్లు, పద్దెనిమిది పావురాలు. మిగతాది మీరే ఊహించుకోండి.

ఇప్పుడు వేయడం లేదు. ఎందుకు మానేశానో చెప్పడానికే ఇది రాస్తున్నాను. కానీ ముందు, ఆ ఎనిమిది నెలల్లో నేను చూసినవి, తర్వాత చదివి తెలుసుకున్నవి చెప్పాలి. ఎందుకంటే పావురం బోరింగ్ పక్షి కాదు. మనమే దాన్ని సరిగ్గా చూడం.

కిటికీ దగ్గర ఏం చూడాలి

మొదటిది మెడ. పావురం నడుస్తుంటే తల ముందుకీ వెనక్కీ ఊపుతున్నట్టు ఉంటుంది కదా. నిజానికి వెనక్కి ఊపదు. తల ఒక్కసారి ముందుకి వెళ్ళి అక్కడే ఆగిపోతుంది, ఒళ్ళు నడిచి వచ్చి తలని అందుకుంటుంది, మళ్ళీ తల ముందుకి వెళ్తుంది. తల ఆగి ఉన్న ఆ కాస్త టైములో కంటికి బొమ్మ కదలకుండా కనిపిస్తుంది. మన ఫోన్ కెమెరాలో ఇమేజ్ స్టెబిలైజేషన్ ఉంటుంది చూడండి, అలాంటి పనే, మెడతో చేస్తుంది. బ్యారీ ఫ్రాస్ట్ అనే శాస్త్రవేత్త 1978లో పావురాన్ని ట్రెడ్‌మిల్ మీద నడిపించాడు. కాళ్ళు నడుస్తున్నాయి గానీ చుట్టూ గోడలు కదలడం లేదు. పావురం తల ఊపడం మానేసింది. అంటే ఆ ఊపు నడక కోసం కాదు, చూపు కోసం. మీ ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీసి చూడండి, మీకే తెలుస్తుంది.

రెండోది నీళ్ళు తాగడం. కోడి ఒక గుక్క నోట్లోకి తీసుకుని, తల పైకెత్తి మింగుతుంది. చాలా పక్షులు అంతే. పావురం మాత్రం ముక్కు నీళ్ళలో పెట్టి, మనం స్ట్రాతో జ్యూస్ తాగినట్టు లాగేస్తుంది. తల ఎత్తదు.

మూడోది, అందరూ అడిగే ప్రశ్న. ఇన్ని పావురాలు కనిపిస్తాయి, పావురం పిల్ల ఒక్కటి కూడా కనిపించదేం? జవాబు సింపుల్. పిల్లలు గూడు దాటి రావు. పావురం రెండు తెల్లటి గుడ్లు పెడుతుంది. పద్దెనిమిది రోజులు అటూ ఇటూ పొదుగుతుంది. పిల్లలు ఇంచుమించు నెల రోజులు గూట్లోనే ఉండి, పెద్ద పావురం సైజుకి వచ్చాకే బయటికి ఎగురుతాయి. అందుకే మనకి అన్నీ పెద్దవే అనిపిస్తాయి.

పొదగడంలో షిఫ్టులు ఉంటాయి. పొద్దున్న పది ఆ ప్రాంతం నుంచి సాయంత్రం దాకా మగది కూర్చుంటుంది, మిగతా సాయంత్రం, రాత్రి, తెల్లవారుజాము ఆడది. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి కాబట్టి నేను చాలా రోజులు ఒకటే పావురం అనుకున్నాను. కాలేజీ లేని రోజు మధ్యాహ్నం గూటి మీద కనిపించేది నాన్న అని తర్వాత తెలిసింది.

పిల్లలకి మొదటి రోజుల్లో గింజలు పెట్టవు. పాలు పడతాయి. పాలు అంటే ఆవు పాల లాంటివి కాదు. గొంతు కింద గింజలు దాచుకునే సంచి ఒకటి ఉంటుంది, దాని లోపలి పొర నుంచి ప్రొటీనూ కొవ్వూ ఎక్కువగా ఉన్న ముద్ద ఒకటి తయారవుతుంది. అదే పావురం పాలు. తల్లే కాదు, తండ్రి కూడా ఇస్తాడు. ఇది చెప్తే మామ్మ నమ్మలేదు. "మగోడు పాలిత్తాడేట్రా" అని రోజంతా నవ్వింది.

గూడు మాత్రం ఘోరం. మా ఏసీ వెనక కట్టిన గూటిలో ఆరేడు చీపురు పుల్లలు, ఒక కేబుల్ ముక్క, ఒక మాస్క్ తాడు ఉన్నాయి. ఇంజనీరింగ్ కాలేజీలో ఇలాంటి మోడల్ సబ్మిట్ చేస్తే మార్కులు రావు. కానీ దానికి అదే చాలు. ఎందుకో తెలియాలంటే అది ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి.

ఇది ఎక్కడి పక్షి

పావురం చెట్టు పక్షి కాదు, కొండ పక్షి. అడవి జాతి పావురాలు కొండ రాళ్ళ అంచుల మీద, గుహల్లో గూడు పెట్టేవి. గట్టి రాతి అంచు ఉన్నప్పుడు గుడ్లు దొర్లిపోకుండా నాలుగు పుల్లలు ఉంటే సరిపోతుంది. దాని కంటికి మన విజయనగరం కోట గోడ ఒక కొండ, గంటస్తంభం ఒక కొండ, మా అపార్ట్‌మెంటు ఒక కొండ. సన్‌షేడ్ అంటే రాతి అంచు. చెట్ల మీద కూర్చునే గువ్వలు వేరు. అవి సన్నగా, గోధుమ రంగులో ఉంటాయి. ఇంగ్లీష్ మీడియంలో చదివిన నేను గువ్వ, పావురం ఒకటే అనుకునేవాణ్ణి. మామ్మ సరిచేసింది.

ఇంకో విషయం. మన కిటికీల దగ్గరికి వచ్చేవి అచ్చమైన అడవి పక్షులు కూడా కావు. వేల ఏళ్ళుగా మనుషులు పావురాల్ని పెంచారు, కూర కోసం, పందేల కోసం, ఉత్తరాల కోసం. అలా పెంచిన వాటిలో తప్పించుకుపోయిన వాటి సంతతి, కొండ పావురాలతో కలిసిపోయి, ఊళ్ళన్నీ నింపేసింది. అందుకే బూడిద రంగు మీద రెండు నల్ల చారలు ఉన్న పావురం పక్కనే తెల్లది, గోధుమది, మచ్చలది కూడా కనిపిస్తాయి. మనిషి అంటే అంత భయం లేకపోవడానికి కూడా ఇదొక కారణం.

ఉత్తరాలు అనగానే మనకి రాజుల కథలు గుర్తొస్తాయి. కానీ ఇది మన పక్కనే జరిగింది. సాలూరు దాటి ఘాట్ ఎక్కితే కొరాపుట్. 1946లో సైన్యం ఇచ్చిన పావురాలతో ఒడిశా పోలీసులు కొరాపుట్ జిల్లాలోనే పావురాల టపా మొదలుపెట్టారు. కొండల్లో వైర్‌లెస్, ఫోన్ లేని స్టేషన్ల కోసం. సన్నటి కాగితం మీద రాసి, చిన్న గొట్టంలో పెట్టి, కాలికి కట్టి వదిలేవారు. 1999 సూపర్ సైక్లోన్‌లో ఫోన్లు అన్నీ పడిపోయినప్పుడు కూడా ఈ పావురాలు పనిచేశాయి. 2008లో ఆ సర్వీసు ఆపేశారు.

మా సీఎస్ఈ వాళ్ళకి ఇంకో కథ ఉంది. 1990 ఏప్రిల్ 1న డేవిడ్ వైట్స్‌మన్ అనే ఆయన పావురాల మీద ఇంటర్నెట్ ప్యాకెట్లు ఎలా పంపాలో ఒక స్టాండర్డ్ రాశాడు. ఆర్ఎఫ్‌సీ 1149. ఏప్రిల్ ఫూల్ జోకు. 2001లో నార్వేలో బెర్గెన్ ఊరి లినక్స్ క్లబ్బు వాళ్ళు దాన్ని నిజంగా చేసేశారు. తొమ్మిది ప్యాకెట్లు పంపితే నాలుగింటికి జవాబు వచ్చింది. మన హాస్టల్ వైఫై కన్నా కొంచెం నయం.

ఈ కథలు ఎందుకు చెప్పానంటే, వీటన్నింటికీ ఆధారం ఒక్కటే. పావురం తన గూటికి తిరిగి వస్తుంది. సూర్యుడు, భూమి అయస్కాంత క్షేత్రం, వాసనలు, రోడ్లు, గుర్తులు, అన్నీ వాడుకుని దారి పట్టుకుంటుంది. కాబట్టి "పట్టి గోనె సంచిలో వేసి ఊరి బయట వదిలేద్దాం" అనే ఐడియా పనిచేయదు. మీ కన్నా ముందు ఇంటికి అదే చేరుతుంది.

లెక్క ఎక్కడ తప్పింది

ఇక అసలు విషయానికి వస్తాను. జనవరి నుంచి మామ్మకి పొడి దగ్గు. ముందు భోగి మంట పొగ అనుకున్నాం. తర్వాత చలి అనుకున్నాం. ఫిబ్రవరి వచ్చినా తగ్గలేదు, మెట్లు ఎక్కితే ఆయాసం. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఆయన మందుల గురించి అడగలేదు, పొయ్యి గురించి అడగలేదు. మొదటి ప్రశ్న, "ఇంట్లో పావురాలు ఉన్నాయా?"

నాన్న నా వైపు చూశారు. నేను నేల వైపు చూశాను.

మామ్మ మంచం బాల్కనీ పక్కనే. పొద్దున్నే బాల్కనీ ఊడ్చేదీ మామ్మే. ఎండిన రెట్టల్ని పొడి చీపురుతో.

జరిగేది ఇది. రెట్టలు ఎండి పొడి అవుతాయి. పావురం రెక్కలు విదిలించినప్పుడు ఈకల నుంచి కూడా సన్నటి తెల్లటి పొడి రాలుతుంది. ఆ ధూళిలో పావురం ప్రొటీన్లు ఉంటాయి. రోజూ పీలిస్తే, కొంతమందిలో, అందరిలో కాదు, ఊపిరితిత్తులు ఆ ధూళిని శత్రువు అనుకుని వాచిపోతాయి. దీన్ని హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్ అంటారు. తొందరగా కనిపెట్టి ధూళికి దూరంగా ఉంటే చాలామందికి తగ్గుతుంది. ఏళ్ళ తరబడి అలాగే పీలిస్తే ఊపిరితిత్తులు మచ్చకట్టి గట్టిపడతాయి, అది మళ్ళీ మామూలు అవ్వదు. ఇది కాక రెట్టల్లో పెరిగే క్రిప్టోకోకస్ అనే ఫంగస్ ఒకటి ఉంది, రోగనిరోధక శక్తి తక్కువ ఉన్నవాళ్ళకి అది ప్రమాదం.

మామ్మది పావురాల వల్లే అని డాక్టరు తేల్చి చెప్పలేదు. "ముందు అవి లేకుండా చూడండి, తర్వాత మాట్లాడదాం" అన్నారు. వయసు డెబ్బై రెండు. రిస్క్ తీసుకునే లెక్క కాదు.

2025 జులైలో ముంబయిలో కార్పొరేషన్ వాళ్ళు ఇదే కారణంతో కబూతర్‌ఖానాలు, అంటే పావురాలకి గింజలు వేసే చోట్లు, మూయించారు. దాదర్‌లో ఉన్న పాత కబూతర్‌ఖానాని టార్పాలిన్‌తో కప్పేశారు. గింజలు వేయడం పుణ్యం, మా ధర్మం అన్నవాళ్ళు రోడ్డెక్కారు. హైకోర్టు దాకా వెళ్ళింది. లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో అయితే 2003లోనే గింజలు వేయడం నిషేధించారు. టీవీలో ముంబయి గొడవ చూసినప్పుడు నేను గింజలు వేసేవాళ్ళ పార్టీ. ఆకలిగా ఉన్న పక్షికి గింజ వేస్తే తప్పేంటి అనిపించింది.

తప్పేంటో స్విట్జర్లాండ్‌లో బాసెల్ అనే ఊరి కథ చదివాక అర్థమైంది. అక్కడ పావురాలు ఎక్కువైపోయాయని 1961 నుంచి 1985 దాకా సుమారు లక్ష పావురాల్ని చంపారు. సంఖ్య తగ్గలేదు. ఎన్ని చచ్చిపోతే అన్ని కొత్తవి వచ్చాయి, ఎందుకంటే తిండి అలాగే ఉంది. 1988 నుంచి పద్ధతి మార్చారు. జనానికి "గింజలు వేయకండి" అని నచ్చచెప్పడం మీద దృష్టి పెట్టారు. నాలుగేళ్ళ చిల్లరలో పావురాలు సగానికి తగ్గాయి.

ప్రోగ్రామింగ్ చేసేవాళ్ళకి ఇది వెంటనే తెలుస్తుంది. ఇది ఇన్ఫినిట్ లూప్. తిండి ఉంటే పావురం ఏడాదిలో ఐదారుసార్లు కూడా గుడ్లు పెడుతుంది. ఒక ఈడు పిల్లలు ఎగరకముందే రెండో ఈడుకి సిద్ధమవుతుంది. కాబట్టి నేను గుప్పెడు నూకలతో ఆకలి తీర్చలేదు. ఆకలిగా ఉండే పావురాల సంఖ్య పెంచాను. రెండు వస్తే రెండింటికి వేశాను, ఆరైతే ఆరింటికి. అవుట్‌పుట్ మళ్ళీ ఇన్‌పుట్‌గా వస్తోంది, నేను బ్రేక్ రాయలేదు.

పైగా పావురాలకి మన అవసరం లేదు. 2023లో వచ్చిన 'స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్' రిపోర్టులో, దేశంలో చాలా పక్షులు తగ్గిపోతుంటే, బాగా పెరుగుతున్న కొద్ది వాటిలో పావురం పేరు ఉంది.

మామ్మ ఊరి పద్ధతి

ఇదంతా మామ్మకి ఎలా చెప్పాలా అని రెండు రోజులు ఆగాను. గింజలు వేయమన్నది ఆవిడే. పిట్టని తరిమేస్తున్నాడు అనుకుంటుందని భయం. చెప్పాక కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది:

"మా ఊరి పక్కన తేలినీలాపురం ఉంది కదరా. ఎంతెంత పిట్టలొస్తాయి. ఆటికి ఎవులూ గింజెయ్యనేదు. సెట్టు కొట్టనేదు. రాయి ఇసరనేదు. అంతే."

తేలినీలాపురం శ్రీకాకుళం జిల్లాలో టెక్కలి దగ్గర. ఏటా సెప్టెంబరు ఆ ప్రాంతంలో గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి, ఊళ్ళో ఇళ్ళ మధ్య చెట్ల మీదే గూళ్ళు కట్టుకుని, పిల్లల్ని పెంచి, ఎండాకాలం ముందు వెళ్ళిపోతాయి. సైబీరియా నుంచి వస్తాయని ఊళ్ళో అంటారు. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో కూడా ఇలాగే నత్తగుల్ల కొంగలు వస్తాయి. అవి రాకపోతే ఊరికి మంచిది కాదని అక్కడివాళ్ళ నమ్మకం. వాటి చేపలు అవే నౌపడా చిత్తడి నేలల్లో పట్టుకుంటాయి. వాకిట్లో రెట్టలు పడతాయి, చేపల వాసన వస్తుంది, ఊరు భరిస్తుంది. ఊరు వాటికి ఇచ్చేది తిండి కాదు, చోటు.

నేను పావురాలకి రోజూ ఇచ్చింది తిండి. ఇచ్చినందుకు నాకు సంతోషంగా ఉండేది, అది ఒప్పుకోవాలి. అవి నా చేతి చప్పుడుకి వచ్చేవి. అది వాటి కోసమా, నా కోసమా అని అప్పుడు ఆలోచించలేదు.

మానేయడం ఎలా

వెంటనే వల కట్టేద్దాం అన్నారు నాన్న. కానీ ఏసీ వెనక గూట్లో రెండు పిల్లలు ఉన్నాయి, అప్పటికి వారం వయసు. వల కట్టేస్తే తల్లీతండ్రీ లోపలికి రాలేవు, పిల్లలు ఆకలితో చచ్చిపోతాయి. కాబట్టి ఇలా చేశాం. మీ ఇంట్లో కూడా ఇదే పరిస్థితి ఉంటే పనికొస్తుంది.

ఒకటి, గింజలు ఆ రోజే ఆపేశాం. పెద్ద పావురాలు వేరే చోట తిండి వెతుక్కుంటాయి, పిల్లలకి తెస్తాయి. మొదటి వారం పొద్దున్న ఆరింటికి వరసగా కూర్చుని లోపలికి చూసేవి. కష్టంగానే ఉంటుంది. కర్టెన్ వేసేశాను.

రెండు, మామ్మ మంచం లోపలి గదిలోకి మార్చి, బాల్కనీ తలుపు మూసి ఉంచాం.

మూడు, పిల్లలు ఎగిరిపోయేదాకా ఆగాం. మూడు వారాలు పట్టింది. రెండోది ఎగిరిన రోజు ఆదివారం, నేను చూశాను. సన్‌షేడ్ మీద అరగంట కూర్చుని, ఒక్కసారి పడిపోయినట్టు కిందికి జారి, ఎదురు బిల్డింగ్ ట్యాంకు మీదికి చేరింది.

నాలుగు, అప్పుడు శుభ్రం చేశాం. పొడిగా ఊడ్చకూడదు, ఇది ముఖ్యం. మాస్కు, గ్లవుజులు వేసుకుని, ముందు సబ్బు నీళ్ళు పోసి బాగా నానబెట్టి, తడిగానే ఎత్తి, సంచిలో కట్టి పారేయాలి. ఇంట్లో పెద్దవాళ్ళని, ఆస్తమా ఉన్నవాళ్ళని ఆ పని దగ్గరికి రానివ్వకండి.

ఐదు, మళ్ళీ గుడ్లు పెట్టకముందే వల బిగుతుగా కట్టించాం. వదులుగా ఉంటే పక్షులు చిక్కుకుని గిలగిలలాడతాయి. ఏసీ వెనక సందు కూడా మూయాలి.

మామ్మ దగ్గు ఏప్రిల్‌కి చాలా తగ్గింది. మెట్లు మెల్లగా ఎక్కుతోంది. ఇంకా చెకప్‌లు ఉన్నాయి.

పిట్టలకి ఏదో ఒకటి పెట్టాలి అనిపిస్తే పాత పద్ధతి ఒకటి ఉంది. వరి కంకుల కుచ్చు చూరుకి వేలాడదీయడం. పిచ్చుక దాన్ని పట్టుకుని వేలాడుతూ తింటుంది, పావురం బరువుకి అది కుదరదు. మామ్మ ఈ సంక్రాంతికి ఊరి నుంచి కంకులు తెప్పిస్తానంది. మా మూడో అంతస్తుకి పిచ్చుక వస్తుందా అంటే, "రాకపోతే కుచ్చు అందంగా ఉంటాది, నీకేటి నట్టం" అంది.

చూడాలి అనిపిస్తే చూడటానికి ఏ అడ్డూ లేదు. నేనిప్పుడు సాయంత్రం కోట గోడ దగ్గర చూస్తున్నాను, పొద్దున్న మా కాలేజీ బ్లాకు మీద చూస్తున్నాను. ఏటా ఫిబ్రవరిలో గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ అని నాలుగు రోజులు జరుగుతుంది. మన దేశంలో దానితో పాటు కాలేజీల కోసం క్యాంపస్ బర్డ్ కౌంట్ కూడా ఉంటుంది. పదిహేను నిమిషాలు ఒకచోట నిలబడి కనిపించిన పక్షుల్ని లెక్కపెట్టి, ఈబర్డ్ యాప్‌లో ఎక్కించడమే. వచ్చే ఫిబ్రవరికి మన క్లబ్బు తరఫున పదిమంది వస్తే చాలు. లిస్టులో మొదటి పేరు పావురమే అవుతుంది. పర్వాలేదు, అక్కడి నుంచే మొదలుపెడదాం.